డబ్బా తిరుగుతోంది, ఆగండి

లాండ్రీలో అందరూ ఆమెని డబ్బా అక్క అంటారు. ఆ పేరు పుట్టింది వెక్కిరింతకే. కానీ వెక్కిరించినవాళ్ళకి ఆమె ఆ సంతోషం ఎక్కువ రోజులు దక్కనివ్వలేదు. "అవును, నాకు డబ్బా ఉంది. మీకేముంది?" అని ఎదురడిగేసరికి ఒక్కొక్కరూ నాలుక కరుచుకున్నారు. ఇప్పుడు హాజరు పిలిచేటప్పుడు అసలు పేరు పిలిస్తే పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడవాలి. డబ్బా అక్కా అంటే మాత్రం అంత చప్పుడులోనూ తల తిప్పుతుంది.

ఆ డబ్బా పాటల డబ్బా. అరచేతిలో పట్టే మ్యూజిక్ ప్లేయరే గానీ ఇప్పుడు దొరికే బిళ్ళల్లాంటిది కాదు. లోపల కంప్యూటర్లో ఉన్నట్టే ఒక హార్డ్ డిస్క్ ఉంటుంది. చూడ్డానికి సబ్బుపెట్టెంత, చేతిలోకి తీసుకుంటే ఇంత చిన్నదానికి ఇంత బరువేమిటని ఎవరైనా అనాల్సిందే. ముందువైపు గుండ్రటి చక్రం, దాని మీద వేలు తిప్పితే పాటల పేర్లు పైకీ కిందికీ పోతాయి. వెనకవైపు ఒకప్పుడు అద్దంలా మెరిసేదట. ఇప్పుడు గీతలు తప్ప ఏమీ కనపడవు. దాన్ని ఆమె తనే కుట్టుకున్న గుడ్డసంచిలో వేసి, మెడకి తగిలించి, ఏప్రన్ లోపల గుండెకి ఆనేటట్టు పెట్టుకుంటుంది.

కొన్నప్పుడు ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. ఆమె భర్త టైర్లకి పంక్చర్లు వేస్తాడు. మంచి మనిషే, కాకపోతే కొత్త వస్తువు ఏది ఇంట్లోకొచ్చినా ముందు ఒంటికాలి మీద లేస్తాడు.

"ఇంట్లో రేడియో ఉందిగా?" అన్నాడు.

"రేడియో దానికి నచ్చింది పాడుతుంది. ఇది నాకు నచ్చింది పాడుతుంది."

"పనిచేసే చోట పాటలెందుకే నీకు?"

"ఆ రోలర్ నా చేతులు తీసుకుంది, నడుము తీసుకుంది. చెవులు కూడా ఇచ్చెయ్యమంటావా?"

ఆయన గాలిపంపు ఎక్కడ పెట్టానో అని గొణుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

రోలర్ సంగతి చెప్పాలి. ఆసుపత్రుల నుంచీ హోటళ్ళ నుంచీ వచ్చే దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద లాండ్రీ అది. హాలు మధ్యలో, నాలుగు మంచాలు పక్కపక్కన వేసినంత పొడుగున, లోపల ఆవిరితో కాలిపోతూ తిరుగుతుంటుంది ఇస్త్రీ రోలర్. దాని ముందు ఇద్దరు ఆడవాళ్ళు నిలబడతారు. తడి దుప్పటిని చెరో కొస పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తారు. ముడతలు పోవాలంటే ఆ విదిలింపు భుజాల్లోంచి రావాలి, ఫట్ మని మోగాలి. మోగగానే అంచు రోలర్‌కి అందిస్తారు. దుప్పటి అవతలివైపు పొడిగా, చెయ్యి పెట్టలేనంత వేడిగా వచ్చి పడుతుంది. అక్కడ మడతలు పెట్టేవాళ్ళు నలుగురు. ముందున్న ఇద్దరూ అందించకపోతే వెనకున్న నలుగురికీ చేతుల్లో పనుండదు.

ముందున్న ఇద్దరిలో ఎడమవైపు కొస డబ్బా అక్కది. కుడివైపు కొస పట్టుకునే ఆమెని అందరూ జోడీ అంటారు. ఏళ్ళ తరబడి ఒకే దుప్పటికి అటూ ఇటూ నిలబడ్డారు కాబట్టి ఆ పేరు. జోడీ నోట్లో నాలుక లేని మనిషి. సెలవు కావాలంటే కూడా అక్క చేతే అడిగించుకుంటుంది. వెనక మడతల దగ్గర పెద్దావిడ పిన్ని. ఎవరికీ నిజంగా పిన్ని కాదు, అందరికీ పిన్నే. ఆవిడకి మూత్రపిండాల్లో రాళ్ళు. గంటగంటకీ నీళ్ళు తాగమని డాక్టరు చెప్పాడు. చెప్పడానికేం, ఆయనెప్పుడైనా రోలర్ దగ్గర పనిచేశాడా? సీసా కిటికీలోనే ఉండేది. అక్కడికి వెళ్ళి తాగి వచ్చేలోపల నాలుగు దుప్పట్లు నేలమీద పడేవి.

నీళ్ళు తాగడానికి మధ్యమధ్య కాసేపు ఆపనివ్వమని అందరూ కలిసి అప్పటి సూపర్‌వైజరుని అడిగారు. ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళు. నెమ్మదస్తుడు, ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. అయినా ఆ మాట మాత్రం కుదరదన్నాడు.

"వేడెక్కిన రోలర్ ఖాళీగా తిరిగితే ఎలాగమ్మా? ఒకరికి దప్పికైతే ఆపి, ఇంకొకరికి కాళ్ళు లాగితే ఆపి... భోజనం బెల్లు ఉంది కదా" అన్నాడు. ఆ మాట అక్కడితో ముగిసింది.

అక్క డబ్బా కొన్నది ఆ తర్వాతే. హాల్లోకి ఫోన్లు తేకూడదు. పాటల డబ్బా ఫోను కాదు కాబట్టి తేకూడదని ఎక్కడా రాసి లేదు. అందులో పాటలు నింపడం ఒక తపస్సు. ఆడపడుచు ఇంట్లో కంప్యూటరుండేది. సెలవొస్తే చాలు, క్యాసెట్ల సంచీ చంకన పెట్టుకుని అక్కడ వాలేది. క్యాసెట్ నుంచి కంప్యూటర్లోకి పాట ఎక్కాలంటే ఆ పాట నడిచినంతసేపూ కూర్చోవాలి. వాళ్ళమ్మ దాచుకున్న పాత సినిమా పాటలు, వీధిలో పాడే గుడ్డాయన దగ్గర రికార్డు చేసుకున్న పదాలు, ఎప్పుడో ఎవరో మర్చిపోయి వెళ్ళిన వేణువు క్యాసెట్, అన్నీ ఎక్కించింది. "వదినా, మా ఇల్లు రికార్డింగు స్టూడియో అయిపోయింది" అని ఆడపడుచు మూతి ముడిచేది. ముడిచినా టీ ఇచ్చేది.

అన్నీ ఎక్కిన కొన్నాళ్ళకే, పని మధ్యలో, గుండె మీద టిక్ టిక్ మని చప్పుడు వినిపించింది. పాట తెగిపోయింది. మళ్ళీ పలకలేదు.

రిపేరు చేసేవాడు దాన్ని విప్పి లోపల మెరుస్తున్న పళ్ళెం చూపించాడు. దాని మీద సన్నటి గీత.

"లోపల పళ్ళెం తిరుగుతుందమ్మా. ఎప్పుడూ కాదు. అయిదారు పాటలు ఒక్కసారే తోడుకుని పెట్టుకుని పడుకుంటుంది. అవైపోగానే మళ్ళీ లేచి తిరుగుతుంది. ఆ తిరిగే కాసేపట్లో కుదిపారంటే పైనున్న ముల్లు గీరేస్తుంది. ఇంతకీ మీరు చేసే పనేంటి?"

అక్క నోటితో చెప్పలేదు. రెండు చేతులూ చాచి, లేని దుప్పటిని ఫట్ మని విదిలించి చూపించింది. అతను నెత్తి పట్టుకున్నాడు.

కొత్త డిస్క్ వేయించింది. మళ్ళీ ఆడపడుచు ఇల్లు, మళ్ళీ క్యాసెట్లు, మొదటి పాట నుంచీ. రెండోసారి అంతా ఎక్కించాక ఒక ఒట్టు పెట్టుకుంది. పళ్ళెం తిరిగేటప్పుడు సన్నగా జుమ్మంటుంది. అంత చప్పుడులో చెవికి వినపడదు గానీ గుండె మీద ఉంటుంది కాబట్టి ఒంటికి తెలుస్తుంది. జుమ్మనగానే దుప్పటి వదిలేసి, చేతులు రెండూ పక్కకి దించి, కదలకుండా నిలబడిపోయేది. జుమ్మనడం ఆగాక కూడా పళ్ళెం కుదురుకోవాలి కదా అని ఇంకాస్తసేపు నిలబడేది. ఒకసారి పోగొట్టుకున్న మనిషి. ఆ భయం ఆమెది.

పెద్దాయన ఒకరోజు చూశాడు.

"ఏంటమ్మా అలా నిలబడిపోయావు?"

"డబ్బా తిరుగుతోంది సార్. ఇప్పుడు కదిలితే పాడైపోతుంది."

"అయ్యో, అలాగా! అయితే ఉండు, ఉండు. ఖరీదైన వస్తువు, పాడు చేసుకోకు."

చూశారా మరి. మనుషులకి దప్పికంటే ఒప్పుకోనివాడు డబ్బాకి దెబ్బ తగులుతుందంటే కరిగిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదని ముందే చెప్పాను. అదే అందరికీ ఒళ్ళు మండించేది. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్ళు.

ఒక్క కొస పట్టుకుని జోడీకి దుప్పటి విదిలించడం కుదరదు కాబట్టి ఆమె కూడా ఆగేది. దుప్పటి రాదు కాబట్టి వెనక నలుగురూ ఆగేవాళ్ళు. పిన్ని కిటికీ దగ్గరికి వెళ్ళి సీసా ఎత్తేది. ఒకామె కాళ్ళు విదుల్చుకునేది, ఇంకొకామె కొంగుతో మెడ తుడుచుకునేది. అలా అయిదారు పాటలకోసారి ఆ హాలంతా ఊపిరి పీల్చుకోవడం అలవాటైంది. ఏళ్ళు గడిచాయి. అక్క చెవిలో ఏ పాట నడుస్తోందో మిగతా ఎవరికీ తెలియదు. ఎప్పుడు ఆగుతుందో మాత్రం అందరి ఒళ్ళకీ తెలుసు. ఆగే వేళకి పిన్ని చెయ్యి సీసావైపు దానంతటదే పోయేది.

ఊళ్ళో అలాంటి డబ్బా ఇంకొకటే ఉండేది, లాండ్రీ వ్యాను నడిపే అన్నయ్య దగ్గర. వ్యాన్ ఖాళీ చేసేటప్పుడు ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి పసిపిల్లల తల్లుల్లా కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు.

"నాది ఎండలో పెడితే బిగుసుకుపోతుంది చెల్లెమ్మా. ఏం నొక్కినా ఉలకదు, పలకదు."

"రెండు బటన్లూ కలిపి నొక్కి పట్టుకో అన్నయ్యా, లేస్తుంది. నాది తడిచేత్తో ముట్టుకుంటే చక్రం మాట వినదు."

"బ్యాటరీ?"

"మధ్యాహ్నం దాకా వస్తే గొప్ప. రెండుసార్లు మార్పించాను."

అన్నయ్య డబ్బాకి ఇంకో ఘనకార్యం జరిగింది. ఛార్జింగు పెడదామని బావమరిది కంప్యూటరుకి తగిలించాడు. తెరమీద ఏదో అడిగింది. ఈయన మర్యాదస్తుడు కదా, సరే అని నొక్కాడు. దాంతో ఈయన పాటలన్నీ తుడిచిపెట్టుకుపోయి, ఆ కంప్యూటర్లో ఉన్న బావమరిది పిల్లల ఎక్కాల పాటలు వచ్చి కూర్చున్నాయి. ఆ రోజు ఆయన మొహం ఎవరూ చూడలేకపోయారు. కొన్నాళ్ళకి మాత్రం గేరు మారుస్తూ పదమూడో ఎక్కం రాగం తీస్తూ వచ్చేవాడు. "ఏం చేస్తాను చెల్లెమ్మా, బాగానే ఉన్నాయి" అనేవాడు సిగ్గుపడుతూ.

అక్క కూతురు ఫోన్ల షాపులో పనిచేస్తుంది. షాపుకి అమ్మ వస్తే ఆ సంచీ బయటికి తీయొద్దని ముందే చెప్పేది.

"అమ్మా, నా ఫోన్లో లోకంలో ఉన్న పాటలన్నీ ఉన్నాయి."

"లోకంవి ఉన్నాయి. నావేవి?"

"అసలు అంత పాతదాన్ని ఇంకా మోస్తున్నావంటే నా పరువేం కావాలి?"

"నీ పరువు నీ జేబులో పెట్టుకో. నా డబ్బా నా మెళ్ళో ఉంటుంది."

ఇలా ఉండగా పెద్దాయన రిటైరయ్యాడు. కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, చదువుకున్నవాడు, చొక్కా మడత నలగనివాడు. చేతిలో ఎప్పుడూ స్టాప్‌వాచ్ ఉండేది కాబట్టి రెండో రోజుకే ఆయన పేరు స్టాప్‌వాచ్ అయింది. రోలర్ పక్కన నిలబడి అక్కనే చూశాడు. ఆగినప్పుడు టక్, కదిలినప్పుడు టక్. మూడో రోజు దగ్గరికొచ్చి నవ్వుతూ అడిగాడు. అక్క పెద్దాయనకి చెప్పిన మాటే చెప్పింది. పళ్ళెం, ముల్లు, విదిలింపు, అన్నీ. ఆయన అరవలేదు, కోప్పడలేదు. శ్రద్ధగా విని, తల ఊపి, వెళ్ళిపోయాడు.

"ఇతనూ మంచివాడేనే" అంది పిన్ని.

ఆ వారంలోనే ఒక ఉదయం పని మొదలవకముందు అందర్నీ పిలిచాడు. అక్క చేతిలో చిన్న పెట్టె పెట్టాడు. లోపల అగ్గిపెట్టెలో సగం ఉన్న కొత్త ప్లేయర్.

"దీన్లో తిరిగేదేమీ ఉండదమ్మా. కిందపడేసినా ఏం కాదు, ఎంత విదిలించినా ఏం కాదు. మీ పాటలన్నీ ఇందులోనే ఉన్నాయి. మీ అమ్మాయి షాపులోనే కొన్నాను, తనే ఎక్కించింది. ఇక మీరు మాటిమాటికీ ఆగి నిలబడాల్సిన అవసరం లేదు. ఆ పాతది ఇంక హాల్లోకి తేవద్దు."

అందరూ చప్పట్లు కొట్టారు. పిన్ని కూడా కొట్టింది. అక్కకి మొదట సంతోషమే వేసింది. దాచడమెందుకు, మెడ తేలికైంది. పాత డబ్బా ముందు రోజు సాయంత్రం ఇంట్లో ఛార్జింగు పెడతానని కూతురు ఎందుకు గదిలోకి పట్టుకుపోయిందో ఇప్పుడర్థమైంది. చెవిలో పెట్టుకుంటే అవే పాటలు, అవే గొంతులు, గుడ్డాయన దగ్గు కూడా అలాగే ఉంది.

అయిదారు పాటలయ్యాయి. గుండె మీద ఏమీ జుమ్మనలేదు. అక్క చేతులు విదిలిస్తూనే ఉన్నాయి. అవతలి కొసన జోడీ చేతులు ఒక్క క్షణం తడబడి, మళ్ళీ అందుకున్నాయి. వెనక పిన్ని సీసావైపు చెయ్యి చాపి, దుప్పటి వచ్చి పడేసరికి వెనక్కి తీసుకుంది. ఇంకో అయిదారు పాటలు. పిన్ని మళ్ళీ చెయ్యి చాపింది, మళ్ళీ తీసుకుంది. అప్పుడు అక్కకి అర్థమైంది, ఆ కుర్రవాడు తనకిచ్చింది ఏమిటో, అందరి దగ్గర్నుంచీ తీసుకుంది ఏమిటో. పాటలు చెవిలో చేదయ్యాయి.

మధ్యాహ్నం తర్వాత పిన్ని నడుము పట్టుకుని దుప్పట్ల గుట్ట మీద కూలబడింది. మొహం పాలిపోయింది, పెదాలు పగిలాయి. స్టాప్‌వాచ్ గబగబా వచ్చాడు.

"ఒంట్లో బాగాలేకపోతే సగం రోజు సెలవు పెట్టుకోండమ్మా, ఫరవాలేదు" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో! సగం రోజు జీతం కోత కూడా అంతే మర్యాదగా పడుతుంది. పిన్ని లేచి గోడ పట్టుకుని వెళ్ళింది. వ్యాన్ అన్నయ్య ఆవిడని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటి దగ్గర దింపాడు. ఆ రోజు ఆయన ఎక్కాలు పెట్టలేదట.

సాయంత్రం కూతురు మెరిసే కళ్ళతో గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఎలా ఉందమ్మా? క్యాసెట్లో గరగర కూడా పోకుండా ఎక్కించాను, నీకదే ఇష్టమని."

అక్కకి తిట్టబుద్ధి కాలేదు. పిల్ల ప్రేమతోనే చేసింది. పక్కన కూర్చోబెట్టుకుని పొద్దున్నుంచీ జరిగింది చెప్పింది. నీళ్ళు, పిన్ని, పెద్దాయన, అన్నీ. కూతురు ఇన్నేళ్ళలో ఆ డబ్బా గురించి అమ్మని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, వెక్కిరించడం తప్ప.

"నాకు ఆయన ఇదంతా చెప్పలేదమ్మా" అంది నెమ్మదిగా. "మీ అమ్మ పాటలు మాటిమాటికీ తెగిపోతున్నాయి, పాపం, అన్నాడు."

"తెగలేదే. ఒక్కసారి కూడా తెగలేదు."

"తిరిగిచ్చెయ్. పాతదే పట్టుకెళ్ళు."

"పాతది తేవద్దన్నాడుగా. తెస్తే గేటు దగ్గరే ఆపుతారు." అక్క ఆ అగ్గిపెట్టెని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది. "ఉండనీ. దీంతోనే చెప్తాను వాడి సంగతి."

మర్నాడు పిన్ని వచ్చింది. రాకపోతే పొయ్యి వెలగని ఇల్లు ఆవిడది. అక్క కొత్త ప్లేయర్ మెడలో వేసుకుని, మేనేజరుకి కనపడేటట్టు ఏప్రన్ పైనే వేలాడేసుకుని, రోలర్ ముందు నిలబడింది. ఫట్, ఫట్ మని దుప్పట్లు మోగాయి. అయిదారు పాటలయ్యాయి. అక్క దుప్పటి కొస వదిలేసి, చేతులు రెండూ పక్కకి దించి, కదలకుండా నిలబడింది.

జోడీ కళ్ళు పెద్దవి చేసి చూసింది. తర్వాత ఆమె కూడా వదిలేసింది. హాల్లో రోలర్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పిన్ని సీసా ఎత్తి గటగటా తాగింది.

స్టాప్‌వాచ్ పరుగున వచ్చాడు.

"ఏమైందమ్మా? పాటలు ఆగిపోయాయా?"

"లేదు సార్. చక్కగా వినిపిస్తున్నాయి."

"మరి ఎందుకాగారు? దీన్లో తిరిగేదేమీ లేదని చెప్పాను కదా. ఇది పాడవదు."

"ఇది పాడవదు సార్. మేం పాడవుతాం. ఇన్నేళ్ళూ డబ్బా పాడవుతుందంటే ఆగనిచ్చారు. మనుషులు పాడవుతారంటే ఆగనివ్వరా? నిన్న పిన్ని గోడ పట్టుకుని పోయింది, మీరూ చూశారు. మీకు చేతులెత్తి మొక్కను, కాళ్ళావేళ్ళా పడను. అయిదారు పాటలకోసారి ఆగుతాను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

ఆయన మొహం ఎర్రబడింది. ఇంత మంచి బహుమతి ఇచ్చాక ఇలా జరుగుతుందని ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. అయినా గొంతు పెంచలేదు.

"మీరు ముందుండబట్టే కదా అందరూ ఆగుతున్నారు. రేపట్నుంచి మురికిగదిలో చెయ్యండి" అన్నాడు.

మురికిగది అంటే ఆసుపత్రుల మూటలు విప్పి వేరుచేసే గది. రక్తం మరకలూ, వాంతులూ, అన్నీ అక్కడికే వస్తాయి. మోచేతుల దాకా గ్లవ్స్ తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడాలి. శిక్ష వేయాలనుకుంటే ఆ లాండ్రీలో అంతకంటే తగిన చోటు లేదు. మధ్యలో గోడ కూడా లేదు, పైనుంచి వేలాడే మందపాటి ప్లాస్టిక్ పట్టీలే. వాటి సందుల్లోంచి హాలు కనపడుతుంది.

అక్క ఏడుస్తుందనుకున్నారు కొందరు. అక్క నవ్వింది. పోయేముందు కొత్త ప్లేయర్ తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"పాత డబ్బా హాల్లోకి తేవద్దన్నారు. మురికిగది హాలు కాదు కదా సార్?"

ఆయన ఏమంటాడు? కాదు.

మర్నాడు పాత బరువు మళ్ళీ గుండె మీదికి చేరింది. వ్యాన్ అన్నయ్య మూటలు దింపుతూ "చెల్లెమ్మా, నీకు అక్కర్లేకపోతే ఆ కొత్తది నేను తీసుకుంటానంటే తిడతావా?" అన్నాడు. "ఆయన బల్ల మీదుంది, వెళ్ళి అడుక్కో" అంది అక్క. అన్నయ్య చెవులు పట్టుకుని లెంపలేసుకుని వెళ్ళిపోయాడు.

రోలర్ ముందు ఎడమవైపు కొసకి స్టాప్‌వాచ్ కొత్తగా చేరిన ఒకామెని పెట్టాడు. ఏ పాటలూ వినదు, ఎక్కడా ఆగదు. చెవుల్లో తీగల్లేని మనుషులు ఇద్దరు ముందున్నారు కాబట్టి ఇక బెడద వదిలిందనుకున్నాడు. వాచీ చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

అక్క మూటలు విప్పుతోంది గానీ ప్రాణమంతా ఆ పట్టీల అవతలే ఉంది. తను లేకపోతే వాళ్ళు ఆగరని ఆమెకి తెలుసు. జోడీ సంగతి మరీ తెలుసు. సెలవు అడగలేని మనిషి ఏం చేస్తుంది? తన పట్టుదల వల్ల తనకి మురికిగది వచ్చింది, పిన్నికి మాత్రం ఒక్క గుక్క నీళ్ళు కూడా రాలేదు. పాటలు ఒకదాని తర్వాత ఒకటి అవుతున్నాయి. అవతల ఫట్, ఫట్, ఫట్.

గుండె మీద డబ్బా జుమ్మంది. అక్క చేతిలో మూట వదిలేసి నిలబడిపోయింది.

అవతల ఫట్ మనడం ఆగిపోయింది.

పట్టీల సందులోంచి చూసింది. జోడీ దుప్పటి కొస వదిలేసి, చేతులు రెండూ పక్కకి దించి, అచ్చం అక్కలాగే కదలకుండా నిలబడి ఉంది. కొత్తామె రెండో కొస పట్టుకుని బిక్కమొహం వేసుకుని చూస్తోంది. పిన్ని చెయ్యి అప్పటికే కిటికీలో ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాడు స్టాప్‌వాచ్.

జోడీ గొంతు ఆ హాల్లో చాలామంది మొదటిసారి విన్నారు.

"అయిదారు పాటలయ్యుంటాయి సార్."

"ఏం పాటలు? నీ దగ్గర పాటల్లేవు!"

"ఆవిడ పాటలైనా నేనెప్పుడూ వినలేదు సార్" అంది జోడీ. అంత పొడుగు మాట అనేసి తల దించుకుంది. చేతులు మాత్రం దుప్పటి ముట్టుకోలేదు.

ఆయన వెనకవాళ్ళ వైపు తిరిగాడు. ఒకామె మెడ తుడుచుకుంటోంది. ఒకామె కాళ్ళు విదుల్చుకుంటోంది. ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఎవర్నని మురికిగదికి పంపుతాడు? అందర్నీ పంపితే రోలర్ దగ్గర ఆయనే నిలబడాలి. విసవిసా నడిచి, ప్లాస్టిక్ పట్టీలు రెండు చేతులతో తోసుకుని అక్క మీదికి వచ్చాడు.

"ఇదంతా మీరే..."

అక్క అరచెయ్యి చూపించింది.

"ఒక్క నిమిషం సార్. డబ్బా తిరుగుతోంది."

ఆయన నోరు మూసుకున్నాడు. ఎత్తిన కాలు నెమ్మదిగా దించి, ఎక్కడున్నవాడు అక్కడే నిలబడిపోయాడు. అవతల పిన్ని నీళ్ళు తాగుతూ కనిపిస్తోంది. పళ్ళెం తిరగడం ఆగి, పూర్తిగా కుదురుకునేదాకా అక్క చెయ్యి దించలేదు, ఆయనా కదల్లేదు.

"ఆఁ, ఇప్పుడు చెప్పండి సార్" అంది అక్క.